ఎదురు కుర్చీ ఆవిడ

ఈ మధ్య అమెరికాలోని ఐసెలిన్‌లో ఒక ఇంటికి భోజనానికి వెళ్లాను. ఐసెలిన్ అని రాస్తున్నాను గానీ ఐసెలిన్ కాకపోవచ్చు, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. అక్కడ మాస్టర్స్ చదువుతున్న పిల్లలు నలుగురైదుగురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. నేను కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని ఎన్నికల ఆఫీసులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యానని ఎవరో చెప్పగానే కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ప్లేటు పట్టుకుని నా పక్కన చేరింది.

"ఆంటీ, ఇక్కడ ఎలక్షన్ కమిషన్ హెడాఫీస్ ఎక్కడుంటది? వాషింగ్టన్‌లనా?"

ఇక్కడ పుట్టిన కుర్రాడొకడు నాకంటే ముందే అందుకున్నాడు. "అలాంటిది లేదు కదా, ఆంటీ? ఐ థింక్, ప్రతి స్టేట్ సెపరేట్‌గా చేస్తుంది."

వాడు చెప్పింది నిజమే. వాషింగ్టన్‌లో ఎన్నికల విరాళాల లెక్కలు చూసే ఆఫీసు ఒకటుంది, ఓటింగ్ యంత్రాల గురించి సలహాలిచ్చే ఆఫీసు ఇంకొకటుంది. ఓట్లు వేయించి లెక్కపెట్టే ఆఫీసు మాత్రం లేదు. దేశానికి ప్రెసిడెంటును ఎన్నుకునే ఓట్లను కూడా మా కౌంటీ ఆఫీసు లాంటివే ఎక్కడికక్కడ లెక్కపెట్టి పైకి పంపుతాయి. ఆ అమ్మాయి నమ్మలేదు. "మరి న్యూట్రల్‌గా ఎవరుంటరు ఆంటీ?" అంది. నేను జవాబు మొదలుపెట్టాను. ఇంతలో ఆ ఇంటి పెద్దావిడ వచ్చి, పప్పు చల్లారిపోతోంది, ముందు తినండర్రా అంది. నేను సగంలో ఆపేశాను. ఆ పిల్లకు చెప్పకుండా మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ఆంధ్రాలో గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచరుగా ఉన్నప్పుడు నేను ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. ముందురోజు మమ్మల్ని పెట్టెలతో సహా బస్సెక్కించి తెలియని ఊళ్లో దింపేవారు. స్కూలు వరండాలో చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. ఎవరింటి నుంచి టీ వచ్చినా తాగేవాళ్లం కాదు, ఆ టీ ఏ పార్టీవాళ్లు పంపిందో మాకు తెలియదు కదా. ఆ ఒకటిన్నర రోజూ మేం ఎవరి మనుషులమూ కాదు, కమిషన్ మనుషులం. ఊళ్లో ఎంత పెద్ద మనిషైనా నా బల్ల ముందుకొచ్చి వేలు చాపి సిరా చుక్క పెట్టించుకోవాల్సిందే. ఆ హోదా అంటే నాకు మహా ఇష్టంగా ఉండేది, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు.

ఇక్కడికొచ్చి, సిటిజన్‌షిప్ వచ్చి, పిల్లలు హైస్కూలుకు వెళ్లడం మొదలయ్యాక కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. పాత అనుభవమంతా దరఖాస్తులో ఏకరువు పెట్టి ఇంటర్వ్యూకి వెళ్లాను. డైరెక్టరు ఓపికగా అన్నీ విని, "మీరు ఏ పార్టీ?" అని అడిగాడు. నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను. వీపు నిటారుగా పెట్టి, నేను ఏ పార్టీకీ చెందను, పూర్తిగా తటస్థురాలిని అని చెప్పాను. ఆయన నిజంగా బాధపడ్డాడు.

"అయితే మిమ్మల్ని తీసుకోలేనండీ" అన్నాడు.

తరువాత విడమరిచి చెప్పాడు. ఈ ఆఫీసులో ప్రతి పనీ ఇద్దరిది. ఒకరు ఒక పార్టీ వాళ్లు, రెండోవారు రెండో పార్టీ వాళ్లు. పైనున్న బోర్డు మెంబర్ల నుంచి కవర్లు చించే మనుషుల దాకా అంతే. ఇప్పుడు ఖాళీగా ఉన్నది ఒక పక్క కుర్చీ. ఎటూ కాని మనిషికి ఇక్కడ కుర్చీ లేదు. నేను ఇంటికి వచ్చి చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "అక్కడ పార్టీ ఉందని తెలిస్తే ఉద్యోగం పోయేది, ఇక్కడ లేదని తెలిస్తే రావట్లేదు" అన్నారు. వారం తిరక్కుండా నేను ఎలాగూ ఓటేస్తున్న పార్టీ పేరు ఫారంలో రాసిచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. అది ఏ పార్టీయో ఇప్పుడు కూడా నా నోటితో చెప్పను. ఇక్కడ అది రహస్యమేమీ కాదు, వెతికితే దొరుకుతుంది. కానీ చెబితే ఎదురు కుర్చీ ఆవిడ ఊరుకోదు.

ఆవిడ గురించి చెప్పాలి. స్కూలు బస్సులు ఏ రూట్లో తిరగాలో చూసే ఉద్యోగం చేసి, అది చాలించి ఇక్కడికొచ్చిన అమెరికన్ ఆవిడ. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. పొడుగు మనిషి, మెళ్లో తాడుకు కట్టిన కళ్లజోడు, ఎండాకాలంలోనూ స్వెట్టరు. ఆవిడ రెండో పార్టీ. మా మధ్య ఒక బల్ల. పోస్టులో వచ్చిన ఓట్ల కవర్లు ఆ బల్ల మీదికి వచ్చేవి. కవరు మీద ఓటరు పెట్టిన సంతకాన్నీ, ఓటరుగా చేరినప్పుడు ఇచ్చిన సంతకాన్నీ ఇద్దరం పోల్చి చూడాలి. ఇద్దరూ సరేనంటేనే అది ముందుకు వెళ్తుంది. ఓట్లు దాచే గదికి రెండు తాళాలు, ఒక తాళం చెవి నా దగ్గర, రెండోది ఆవిడ దగ్గర. బల్ల మీద కవర్లుండగా నాకు బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే ఆవిడా లేవాలి, ఎవరో ఒకరు వచ్చి కాపలా ఉండాలి. మొదటి నెల రోజులూ నాకు ఇది పెద్ద అవమానంగా ఉండేది. నేనేమైనా దొంగనా అనిపించేది.

అంతకంటే బాధ పెట్టింది తిండి విషయం. నేను పులిహోర చేసుకుని వెళ్లినప్పుడల్లా ఆవిడకి కాస్త పెట్టబోయేదాన్ని. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేది. "సీజన్‌లో తీసుకోను" అనేది. సీజనంటే మొదటి ఓటు కవరు వచ్చిన రోజు నుంచి ఫలితాల మీద బోర్డు సంతకాలు పెట్టే రోజు వరకు. ఆవిడ సాండ్‌విచ్ ఆవిడ తినేది, నా పులిహోర నేను తినేదాన్ని, మధ్యలో ఆ బల్ల. వరండాలో వెనక్కి పంపించిన టీలు అప్పుడు నాకు గుర్తుకు రాలేదు. వచ్చి ఉంటే అంత నొచ్చుకునేదాన్ని కాదేమో.

అలా కొన్ని ఎన్నికలు గడిచాయి. ఒక ప్రెసిడెంటు ఎన్నికల శరదృతువులో, పోలింగుకు ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక కవరు మా బల్ల మీదికొచ్చింది. కవరు మీద సంతకం ఇంగ్లీషులో, పొందికగా, సాఫ్ట్‌వేర్ మనిషి చెక్కు మీద పెట్టే సంతకంలా ఉంది. ఆఫీసు రికార్డులోని సంతకం తెలుగులో ఉంది. వణుకుతున్న గుండ్రటి అక్షరాలు, ఎక్కడా తొందర లేదు. ఎదురు కుర్చీ ఆవిడ రెంటినీ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సర్దుకుంది.

"ఇది రాతా, ముగ్గా?" అన్నట్టు చూసింది. నేను నెలల తరబడి ఆవిడకు ముగ్గుల ఫోటోలు చూపిస్తూనే ఉన్నాను మరి.

నాకు కవరు చూడగానే కథంతా అర్థమైపోయింది. పుట్టిన తేదీని బట్టి పెద్దావిడ. అదే అడ్రసు నుంచి ఇంకా మూడు కవర్లు వచ్చాయి, అవన్నీ బాగానే ఉన్నాయి. మన ఇళ్లల్లో ఏ కాగితం పనైనా డైనింగ్ టేబుల్ మీదే జరుగుతుంది. టాక్సులు అక్కడే, పెళ్లి పిలుపుల లిస్టు అక్కడే. ఇంటాయన అన్నీ ముందేసుకుని కూర్చుంటాడు. అమ్మ సంతకం పెట్టేసరికి తెల్లారుతుందని తనే పెట్టేసి, కవర్లన్నీ అంటించి, ట్రెయిన్‌కి వెళ్తూ దారిలో పోస్టు డబ్బాలో వేసేస్తాడు. ఎవరినీ మోసం చేయాలని కాదు, పని అయిపోవాలని. ముసలివాళ్లకు ఎవరైనా సాయం చేయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ సాయం చేసినవాళ్లు తమ పేరు వేరే గడిలో రాయాలి. ఓటరు పేరు రాయకూడదు.

నేను ఫోన్ అందుకున్నాను. తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడితే తేలిపోతుంది అన్నాను. ఎదురు కుర్చీ ఆవిడ స్పీకర్ బటన్ నొక్కి, ఇంగ్లీషులో మాట్లాడమంది.

కొడుకు ఎత్తాడు. మన్‌హట్టన్‌లో ఏదో బ్యాంకులో పని, ఆ రోజు ఇంటి నుంచి చేస్తున్నాడు. ఆఫీసు పేరు చెప్పాను. నా మాటతీరు వినగానే ఒక్కసారిగా తెలుగులోకి దిగిపోయాడు. "ఆంటీ, మీరు తెలుగువాళ్లా? అమ్మకి హ్యాండ్ షేక్ అవుతుందని నేనే సైన్ చేసేశాను ఆంటీ. దీని మీద కేసు గానీ అవుతుందా?" అప్పటికే తల్లి పక్కకొచ్చి ఎవర్రా అని అడగడం వినిపించింది. ఫోను ఆవిడ చేతికెళ్లింది. "ఎవరమ్మా? ఏ ఊరు మీది?" అంది ఆవిడ. నేను నోరు తెరిచేలోపు ఎదురు కుర్చీ ఆవిడ హోల్డ్ నొక్కేసింది.

మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలియనప్పుడు ఇది ఆఫీసు ఫోను కాదంది. మాలాంటి ఆఫీసుల కోసం ఫోనులోనే దుబాసీలను ఇచ్చే సర్వీసు ఒకటుంది, దానికి చేసి తెలుగు మనిషిని అడిగింది. ఆఫీసులో తెలుగు మనిషిని నేనుండగా, నా ముందే. కాసేపటికి ఏ రాష్ట్రంలో కూర్చున్నాడో తెలియని ఒక కుర్రాడు లైన్లోకి వచ్చాడు. నేను నోరు మూసుకుని కూర్చుని, నా భాషను నాకు వేరేవాళ్లు తర్జుమా చేస్తుంటే వినాల్సి వచ్చింది. నా జన్మలో అంత ఉక్రోషం పడలేదు.

ఎదురు కుర్చీ ఆవిడ మొదట అడిగిన ప్రశ్న నేను ఊహించనిది.

"అమ్మా, మీ పక్కన ఎవరన్న ఉన్నరా అని అడుగుతున్నరు" అన్నాడు కుర్రాడు.

"మా అబ్బాయున్నాడు బాబూ. ఇక్కడే నిలబడ్డాడు."

ఓటు కాగితం మీద గుర్తులు మీరే నింపారా అన్నది రెండో ప్రశ్న. "అందరం కలిసి టేబుల్ మీద పెట్టుకుని నింపాం బాబూ" అంది పెద్దావిడ. కుర్రాడు ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. ఎదురు కుర్చీ ఆవిడ కలం కాగితం మీద ఆగిపోయింది. నాకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. మనం అన్నీ కలిసే చేస్తాం కదా.

తరువాత ఆవిడ నెమ్మదిగా, ఒక్కో వాక్యం ఆపి ఆపి చెప్పించింది. ఈ కవరు మీద సంతకం మీది కాదు, అందుకని లోపల ఉన్న ఓటు లెక్కలోకి రాదు. కానీ మీ ఓటు హక్కు ఎక్కడికీ పోలేదు. పోలింగు రోజున మీ కేంద్రానికి వచ్చి కాగితం మీద మీరే వేయవచ్చు. దాన్ని విడిగా ఒక కవర్లో పెట్టి ఉంచుతారు, పోస్టులో వచ్చింది లెక్కలో చేరలేదని చూసుకుని అప్పుడు దాన్ని తెరిచి లెక్కిస్తారు. పెద్దావిడ కేంద్రం ఎక్కడని అడిగింది. మనవరాలు చిన్నప్పుడు చదివిన బడే అని తెలిసి ఆ బడి పేరు రెండుసార్లు పలికింది. వెనక నుంచి కొడుకు అందుకున్నాడు.

"ఎందుకమ్మా ఒక్క ఓటుకి? వర్షంలో, చలిలో. ఆ రోజు నేను ఆఫీస్‌కి వెళ్లాలి. వదిలేయ్."

ఫోను పెట్టేశారు. ఆవిడ రాదని నేను అప్పుడే అనుకున్నాను. ఎనభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, కారు నడపదు, కొడుకు వద్దన్నాడు. రికార్డు చూస్తే ఈ దేశంలో ఆవిడకిదే మొదటి ప్రెసిడెంటు ఓటు, అదీ అలా పోయినట్టే. అదంతా ఎదురు కుర్చీ ఆవిడ అనుమానం వల్లే జరిగిందని నాకు కోపం. నన్ను మాట్లాడనిచ్చి ఉంటే బుజ్జగించి ఒప్పించేదాన్ని కదా. కొడుకు సంగతి మాత్రం పై బోర్డు చూసుకుంది, తెలియక చేసిందని ఒక ఘాటు ఉత్తరంతో సరిపెట్టారు.

ఆ రోజు భోజనాల వేళ ఆవిడతో అనేశాను. "నువ్వు నన్ను నమ్మవు."

"నమ్మను" అంది, సాండ్‌విచ్ విప్పుతూ. "నువ్వు నన్ను నమ్ముతావా?"

"నమ్ముతాను" అన్నాను, ఆవిడ సిగ్గుపడాలని.

"అయితే వాళ్లు నిన్ను పొరపాటున తీసుకున్నారు" అంది. ఆ తరువాత చాలా రోజులు మా మధ్య పనికి కావలసిన మాటలే నడిచాయి.

పోలింగు రోజు పొద్దుటి నుంచీ వాన. ఆ రోజుల్లో మా ఇద్దరికీ వేసే పని కౌంటీ వ్యానులో కేంద్రాల చుట్టూ తిరగడం. ఎక్కడ కాగితాలు అయిపోతే అక్కడ ఇవ్వాలి, ఎక్కడ చిక్కొస్తే అక్కడికి పోవాలి. వ్యానులోనూ ఒక్కరే ఉండకూడదు, ఇద్దరం ఉండాల్సిందే. మధ్యాహ్నం ఒక బడి నుంచి ఫోను వచ్చింది. ఎవరో పెద్దావిడ వచ్చి కూర్చుంది, ఏం చెప్పినా అర్థం కావడం లేదు, పొమ్మన్నా పోవడం లేదు అన్నారు. బడి పేరు వినగానే నేను ఎదురు కుర్చీ ఆవిడ వైపు చూశాను. ఆవిడ అప్పటికే వ్యాను తిప్పుతోంది.

బడి జిమ్‌లో, బాస్కెట్‌బాల్ రింగు కింద, మడత కుర్చీలో కూర్చుని ఉంది ఆ ఫోనులోని పెద్దావిడే. నేతచీర, దాని మీద కొడుకు పాత జాకెట్, కాళ్లకు తెల్లటి వాకింగ్ షూలు. గొడుగు కొస నుంచి నీళ్లు కారి కాళ్ల దగ్గర చిన్న మడుగు కట్టింది. రోజూ పొద్దున్నే వాకింగ్‌కి ఆ చుట్టుపక్కలే తిరుగుతుందట, దారి తెలుసు, నడిచి వచ్చేసింది. అక్కడి సిబ్బంది మంచివాళ్లే. ఓటర్ల పుస్తకంలో ఆవిడ పేరు పక్కన పోస్టు ఓటు తీసుకున్నట్టు ఉంది, అందుకే వేరే కవరు ఇస్తామన్నారు. ఆ కవరు ఏమిటో ఆవిడకు అర్థం కాలేదు. మళ్లీ ఎవరో తన ఓటు పక్కన పడేస్తున్నారనుకుంది.

ఎదురు కుర్చీ ఆవిడ దుబాసీ సర్వీసుకు చేసింది. పోలింగు రోజు కదా, లైన్లో సంగీతం తప్ప మనిషి రాలేదు. చాలాసేపు చూసి, ఫోను దింపి, నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. ప్రతి వాక్యం మళ్లీ నాకు ఇంగ్లీషులో చెప్పు" అంది.

నేను లోపల గెలిచినంత సంబరపడ్డాను. పెద్దావిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని కవరు సంగతి వివరించాను, ఒక్కో వాక్యం వెనక్కి తిరిగి ఎదురు కుర్చీ ఆవిడకూ చెప్పాను. కాగితం చదవడానికీ పట్టుకోవడానికీ సాయం కావాలా అని అడిగాను. చెయ్యి వణుకుతోంది, కావాలంది. సాయానికి రెండు పార్టీల వాళ్లిద్దరం కలిసి వస్తాం, లేదా మీకు నచ్చిన ఒక్కరిని పిలుచుకోవచ్చు, అది మీ ఇష్టం అని చెప్పాను. ఆవిడ నన్ను చూసింది. తలెత్తి ఆ పొడుగు మనిషిని చూసింది.

"నువ్వొద్దమ్మా. ఆవిడ్ని రమ్మను" అంది.

నాకు అర్థం కాలేదు. "ఆవిడకి తెలుగు రాదండీ" అన్నాను.

"అందుకే."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, వేళ్లు చల్లగా ఉన్నాయి. "నువ్వు మంచిదానివే తల్లీ. కానీ మనవాళ్లిళ్లకు భోజనాలకు వెళ్తావు. ఈవిడ వెళ్లదు" అంది. ఆగి, గొంతు తగ్గించి, "టేబుల్ మీద వేసింది మావాడిది. ఇది నాది" అంది.

వెనక నుంచి ఎదురు కుర్చీ ఆవిడ, ఏమంటోంది, చెప్పు అంటోంది. ప్రతి వాక్యం చెబుతానని ఒప్పుకున్నాను కదా. నన్ను వద్దంటోంది, నేను తెలుగుదాన్ని కాబట్టి వద్దంటోంది, నిన్ను రమ్మంటోంది అని చెప్పాను. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆఫీసులో ఈవిడ నమ్మలేదు, ఇక్కడ మన ఆవిడే నమ్మలేదు.

కానీ ఎదురు కుర్చీ ఆవిడ నాకంటే ఎక్కువ కంగారు పడింది. మొహం ఎర్రబడింది. ఓటు కాగితం దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్లను, ఎప్పుడూ వెళ్లలేదు, నువ్వూ రావాల్సిందే అంది. నేను గోడ మీది నోటీసు చూపించాను. ఓటరు ఎవరిని కోరితే వాళ్లు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అది మొదటి నుంచి చివరి దాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది. తరువాత స్వెట్టరు సర్దుకుని, పరీక్షకు వెళ్లే పిల్లలా పెద్దావిడ వెంట నడిచింది.

నేను వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాను. జిమ్ కప్పు మీద వాన చప్పుడు. వెనక నుంచి పెద్దావిడ ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ గొణుక్కోవడం వినబడుతోంది, టీవీలో చూసి ఆ పేర్లు నేర్చుకుందట. మాటలు వినకూడదని బాస్కెట్‌బాల్ రింగు మీది వల కన్నాలు చూస్తూ ఉన్నాను. వెనక్కి తిరిగి చూడాలని ఎంత కుతూహలం కలిగిందో చెప్పలేను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని వేల ఓట్లు నా చేతుల మీదుగా వెళ్లినా, ఒక్క ఓటు గురించి అంత ఆరాటం ఎప్పుడూ పడలేదు. ఎదురు కుర్చీ ఆవిడ గొంతు ఒక్కసారే వినబడింది. తొందరేం లేదు అంది ఇంగ్లీషులో. ఆ మాటకు పెద్దావిడకు తర్జుమా అవసరమైనట్టు లేదు.

కవరు అంటించాక పెద్దావిడ దాని మీద తెలుగులో సంతకం చేసింది. అంత సేపు పట్టే సంతకాన్ని అక్కడి సిబ్బంది ఎప్పుడూ చూసి ఉండరు. ఆ తరువాత వేలు చాపింది. ఇక్కడ సిరా పెట్టరని చెప్పాను. ఓటేశానని రాసి ఉండే గుండ్రటి స్టిక్కరు ఇచ్చారు. దాన్ని చూపుడు వేలికి చుట్టుకుని మురిసిపోయింది. తలుపు దాకా వెళ్లి ఆగి, దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, మడిచి హ్యాండ్‌బ్యాగులో చిన్న పర్సులో పెట్టుకుంది. కౌంటీ వ్యానులో ఓటర్లను ఎక్కించుకోకూడదు. వాన సన్నబడేదాకా ఆగి, గొడుగు తెరిచి, వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయింది.

వ్యానులో కూర్చున్నాక నేను అడగకుండా ఉండలేకపోయాను. పక్కనే ఉన్నావు కదా, ఏ పక్క వేసిందో చూశావా అన్నాను. ఎదురు కుర్చీ ఆవిడ వైపర్లు వేసింది.

దారి పొడుగునా ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఫోను నన్ను ఒంటరిగా మాట్లాడనిచ్చి ఉంటే ఏం చేసేదాన్ని? కొడుకును ఆంటీ హోదాలో మందలించి, పెద్దావిడతో ఊరూ పేరూ కలుపుకుని, అందరం కలిసి వేశామన్న మాటకు నవ్వేసి, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడగడం మర్చిపోయి ఉండేదాన్ని. ఆ ప్రశ్న మన ఇళ్లు తెలియని మనిషికే తట్టింది. నేను ఈ దేశంలో వెతికిన కమిషన్ ఎక్కడుందో నాకు ఆ వ్యానులో కొంచెం తెలిసింది. దానికి హెడాఫీసు లేదు. ఎదుటి కుర్చీలో నన్ను నమ్మని మనిషి కూర్చున్నంతసేపూ అది అక్కడ ఉంటుంది. అలా అని నాకు మా పాత కమిషన్ మీద మోజు పోలేదు. చాప మీద పడుకుని, ఎవరి టీ ముట్టకుండా ఉండడం కూడా ఒక పద్ధతే. రెండింటిలో ఏది మేలో నాకు ఇంకా తేలలేదు, తేలాలని తొందర కూడా లేదు.

పోస్టు ఓటు లెక్కలో చేరలేదని చూసుకున్నాక పెద్దావిడ కవరు మా బల్ల మీదికి వచ్చింది. తెలుగు వచ్చు కదా అని నన్నొక్కదాన్నే చూసి సరేనమని ఎదురు కుర్చీ ఆవిడ అనలేదు. రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో వంపూ, ఒక్కో సున్నా వేలితో తడుముతూ తనే పోల్చింది. తలకట్టు రెండింట్లోనూ ఒకేలా ఉందని నాకు చూపించింది. ఇద్దరం సరేనన్నాం. కవరు తెరిచారు, కాగితం మిగతా వాటిలో కలిసిపోయింది. ఆ తరువాత అది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఫలితాల మీద బోర్డు సంతకాలు పెట్టిన రోజు నేను పులిహోర తీసుకెళ్లాను. పెట్టబోలేదు, పక్కన పెట్టుకున్నాను. ఎదురు కుర్చీ ఆవిడ తన సాండ్‌విచ్ సంచి తెరవకుండా, డ్రాయరులోంచి ఒక చెంచా తీసి, నా డబ్బా తన వైపు లాక్కుంది.

"సీజన్ అయిపోయింది కదా, ఇప్పుడైనా చెప్పు" అన్నాను.

"ఈ పల్లీలు చాలా బాగున్నాయి" అంది.

ఇక ఆ భోజనాల ఇంటికి వస్తాను. ఆ కరీంనగర్ అమ్మాయికి నేను జవాబు చెబుతుండగా ఇంటాయన కూల్‌డ్రింకులు పంచుతూ మధ్యలో కల్పించుకున్నాడు. "మా ఇంట్లో ఆ కన్‌ఫ్యూజనే లేదు ఆంటీ, అమ్మతో సహా అందరిదీ ఒకటే వోటు" అన్నాడు గర్వంగా. సరిగ్గా అప్పుడే పెద్దావిడ, పప్పు చల్లారిపోతోందంటూ వచ్చింది. నేను మాట ఆపింది పప్పు కోసం కాదు.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కునే నెపంతో వంటింట్లోకి వెళ్లాను. పెద్దావిడ స్టీలు డబ్బాలో సున్నుండలు సర్దుతోంది. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఎదురుపడ్డాం గానీ ఆ రోజు మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. "ఆవిడ బాగుందా?" అని అడిగింది. ఎవరని నేను అడగలేదు. బాగుంది, ఆవిడా రిటైరైంది అన్నాను. డబ్బా నా చేతిలో పెట్టి, ఆవిడకివ్వమంది.

నేను ఇవన్నీ రాయాలనుకుంటున్నానని, ఊరు మార్చేస్తానని, ఎవరి పేర్లూ పెట్టనని, అయినా మీరు వద్దంటే మానేస్తానని మెల్లగా చెప్పాను. ఆవిడ హాల్లోకి తొంగి చూసింది. కొడుకు ఇంకా పిల్లలకు రాజకీయాలు వివరిస్తున్నాడు.

"రాసుకో తల్లీ, ఏం పరవాలేదు" అంది. "మావాడు చదివినా పక్కింటివాళ్ల గురించే అనుకుంటాడు."